బాగా తింటాదని చెప్పిన తల్లి

జనం ఏం తింటారు, ఏం తాగుతారు, ఎంతసేపు నిద్రపోతారు, మాత్రలు వేళకు వేసుకుంటారా లేదా అని ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకోవడం నా ఉద్యోగం. ఆరోగ్య సర్వేలు చేసే చిన్న సంస్థ మాది, ఆఫీసు మదనపల్లెలో. ఈ పని నాకు బాగా వచ్చు. ఇంకెవరో మెచ్చుకునేదాకా ఆగడం నాకు చేతకాదు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. అలాంటి నా సర్వేలో, కుప్పం అవతల ఒక పల్లెలో, నాలుగేళ్ళు నిండని ఒక ఆడపిల్ల తిండి విషయంలో పూర్తి మార్కులు తెచ్చుకుంది. ఆ మార్కులు పడేవేళకు ఆ పాప ప్రాణం మీదికి వచ్చి ఉంది. ఆ సంగతి మాకు తెలిసింది వాళ్ళమ్మ అన్న ఒకే ఒక్క మాట వల్ల. అది మా వైపు ఏ తల్లీ అనని మాట.

జనం సర్వేలో అబద్ధాలు చెప్తారని మా రంగంలో పెద్దలు తెగ బాధపడుతుంటారు. నాకా బాధ లేదు. జనం చెప్పేది అబద్ధం కాదు, మర్యాద. కొత్త మనిషి ముందు ఏ మాట బాగుంటుందో ఆ మాట చెప్తారు. మదనపల్లె మార్కెట్లో టమాటా పెట్టెలు ఎత్తే మగవాళ్ళను మందు తాగుతారా అని ఇంట్లో, పెళ్ళాం ముందు అడిగామనుకోండి, పండక్కో పబ్బానికో అంటారు. అదే ప్రశ్న మండీ దగ్గర, తోటివాళ్ళ మధ్య అడిగితే తాగనిది కూడా తాగామంటారు. రెండూ రాసుకోవడానికి పనికిరావు. పని ముగిశాక టీ కొట్టు దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు అడగాలి. బీపీ మాత్రల సంగతి ఇంకో రకం. మాత్ర రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే దేవుడి మీద ఒట్టేసి మరీ అవునంటారు. అందుకని నేనెప్పుడూ అలా అడగను. మాత్రలు ఎక్కడ పెట్టుకున్నారమ్మా అని అడుగుతాను. రోజూ వేసుకునే మనిషి చెయ్యి చూడకుండానే గూట్లోకి పోతుంది. వేసుకోని మనిషి మంచం కింద పెట్టె లాగి వెతకడం మొదలుపెడుతుంది.

ఇలాంటివన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. తిరగ్గా తిరగ్గా వచ్చినవి. నా దగ్గర సర్వే పని చేసే మా అమ్మాయిలకు ఇవే నేర్పుతాను. వాళ్ళు నన్ను వెనకాల ఏమని పిలుస్తారో కూడా నాకు తెలుసు, పట్టించుకోను.

పిల్లల తిండి మీద ఒక కొత్త సర్వే మా చేతికి వచ్చింది. దాన్ని నడిపే పెద్ద డాక్టరుగారు హైదరాబాదులో ఉంటారు. నెమ్మదైన మనిషి, కోపం రాదు, మాట తొందరగా మార్చుకోరు. శిక్షణ కోసం మదనపల్లె వచ్చి ప్రశ్నలన్నీ తెర మీద చూపించారు. అయిదేళ్ళలోపు పిల్లలకు నిన్న ఏం పెట్టారు, ఎవరు పెట్టారు, పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూర ఉన్నాయా అని వరసగా ప్రశ్నలు. అన్నీ బాగున్నాయి. చివర్లో ఒకటి వచ్చింది. మీ బిడ్డ తిండి ఎలా తింటుంది? బాగా తింటుంది, పరవాలేదు, తక్కువ తింటుంది, అసలు తినదు. వీటిలో ఒకటి నొక్కాలి. బాగా తింటుంది అంటే పూర్తి మార్కులు.

నేను చెయ్యెత్తాను. "సార్, ఈ ప్రశ్న మా వైపు నడవదు" అన్నాను.

"ఎందుకు నడవదు? చాలా చోట్ల నడిచింది" అన్నారాయన.

"మా తల్లులు నాలుగింట్లో రెండే చెప్తారు. తక్కువ తింటుంది, అసలు తినదు. పైరెండూ ఖాళీగా ఉంటాయి."

ఆయన నవ్వి, చూద్దాం మేడమ్ అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి కాదాయన, పాపం. ముందు పుంగనూరులో పరీక్షగా చేసి చూద్దాం, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. సరేనన్నాను.

పుంగనూరులో మొదటి ఇంట్లోనే నా మాట నిలబడింది. రెండేళ్ళ మగపిల్లవాడు, బుగ్గలు ఎంత ఉన్నాయంటే కళ్ళు వెతుక్కోవాలి. ఒక చేతిలో బొరుగుల గిన్నె, ఇంకో చేతిలో అరటిపండు. నోట్లో ఉన్నది మింగకముందే ఇంకో పిడికెడు బొరుగులు కుక్కుకుంటున్నాడు. వాళ్ళమ్మ వాణ్ణి చంకనేసుకుని, చాలా దిగులుగా మొహం పెట్టింది.

"ఏం తింటాడు మేడమ్, ఏమీ తినడు. ముద్ద పెడితే మూతి తిప్పుకుంటాడు. గాలి తిని బతకతాండాడు" అంది.

ఆ మాట అంటూండగా వాడు చెయ్యి జాపి మా అమ్మాయి బ్యాగులో ఉన్న బిస్కెట్ల పొట్లం లాక్కున్నాడు. మాకు నవ్వు ఆగలేదు. తల్లికీ ఆగలేదు, కానీ మాట మాత్రం మార్చలేదు. అసలు తినడు అనే రాసుకోమ్మా అని మరీ చెప్పింది. పక్కింట్లో అదే మాట. వీధి చివర అదే మాట. సదుం వైపు పల్లెలకు వెళ్ళిన అమ్మాయిలు సాయంత్రం తిరిగొచ్చి, ఆడ కూడా ఎవురూ ఏమీ తినడంల్యా మేడమ్, అంటూ నా మొహం చూశారు.

ఇందులో వింతేమీ లేదు. బిడ్డ బాగా తింటోందని నలుగురి ముందు అంటే దిష్టి తగులుతుంది. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందంటారు, పసిబిడ్డ కడుపు ఎంత? అందుకని బిడ్డ తిండిని తల్లులు కొంగు చాటున దాస్తారు. ఇది మూఢనమ్మకమని కొట్టిపారేసే చదువుకున్నవాళ్ళను అడుగుతున్నాను, మీ పిల్లల గురించి మీరేమన్నారో గుర్తుచేసుకోండి. మా అమ్మ నా గురించి ఊరంతా చెప్పిన మాట ఏమీ తినదనే, అప్పటికి నన్ను ఎత్తుకోలేక ఆమెకు నడుము పట్టేసేదట. నేను నా కొడుకు గురించి స్కూలు టీచరుతో చెప్పిందీ ఇదే. బాగా తింటాడు అని నా నోటితో నేను ఏనాడూ అనలేదు. ఇకముందు కూడా అనను.

పుంగనూరు లెక్కలు చూసి డాక్టరుగారు ఫోన్ చేశారు. "మేడమ్, మీ వైపు పిల్లలంతా ఆకలితో ఉన్నారా?"

"లేదు సార్. మీ ప్రశ్న ఆకలితో ఉంది" అన్నాను.

ఆయన మెల్లిగా, ఇతర ప్రాంతాలతో పోల్చాలి కాబట్టి ప్రశ్న తీసేయలేనని, కావాలంటే నా సొంత ప్రశ్నలు పక్కన చేర్చుకోమని అన్నారు. చేర్చుకున్నాను. ఏం తింటుందని అడగడం మానేసి, ఏం కావాలని మారాం చేస్తుందమ్మా అని అడగడం మొదలుపెట్టాం. అప్పుడు తల్లుల నోటి నుంచి జాబితాలకు జాబితాలే వచ్చేవి. మారాం గురించి చెప్పడంలో దిష్టి లేదు మరి. అమ్మాయిలకు మాత్రం ఒకటే చెప్పాను, సారు ప్రశ్న కూడా అడగండి, వచ్చిన జవాబు నొక్కండి, దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

ఆ తర్వాత కుప్పం వైపు పల్లెలు మొదలుపెట్టాం. రామకుప్పం దాటాక అడవి దగ్గరవుతుంది. రాగి చేలు, కూరగాయల మళ్ళు, పాడి పశువులు. ఏనుగులు రాకుండా చేల గట్ల మీద డబ్బాలు కట్టి ఉంటాయి. ఒకప్పుడు ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు పగలంతా చేలో ఉండేవాళ్ళు, కేకేస్తే పలికేవాళ్ళు. ఇప్పుడు చిన్న వయసువాళ్ళు చాలామంది బట్టలు కుట్టే కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. తెల్లవారగానే కంపెనీ బస్సు వస్తుంది, దీపాలు పెట్టే వేళకు దింపుతుంది. పిల్లలు జేజి దగ్గర, అంటే నాయనమ్మ దగ్గర పెరుగుతున్నారు. మామూలు రోజుల్లో వెళితే మాకు దొరికేది జేజులే. తల్లుల జవాబు కావాలంటే ఆదివారం వెళ్ళాలి. అందుకని ఆదివారాలు మా పనిదినాలయ్యాయి.

మొదట చెప్పిన ఆ పాప ఇంటికి మా అమ్మాయి ఒకతె అంతకుముందు వారం వెళ్ళింది. పలమనేరు అమ్మాయి, చురుకైంది. అప్పుడు జేజి ఉంది. పాప ఏమీ తినదని అందరిలాగే చెప్పింది. నేను ఆదివారం తల్లిని కలవడానికి ఆ అమ్మాయితోపాటు వెళ్ళాను. రెండు ఆవులు, వాకిట్లో ఆరబోసిన అనపగింజలు, తలుపు పక్కన నీళ్ళ బిందె. జేజి లోపల సంగటి కెలుకుతోంది. తండ్రి బెంగుళూరులో లారీ నడుపుతాడు, ఇంట్లో లేడు. తల్లికి పాతికేళ్ళు ఉంటాయేమో. వారానికి ఒక్క రోజు సెలవు, ఆ రోజున కూడా గోడకు ఆనుకుని బట్టలు మడతపెడుతూనే ఉంది. పాప ఆమె తొడ మీద తల పెట్టుకుని పడుకుని ఉంది.

మా అమ్మాయి ప్రశ్నలు అడుగుతోంది, నేను పక్కన కూర్చుని వింటున్నాను. నిన్న పాప రాగి సంగటి తింది, పప్పు తింది, గుడ్డు తింది, పాలు తాగింది, ఆకుకూర తింది. అన్నీ ఉన్నాయి. చివరికి సారు ప్రశ్న వచ్చింది.

"తింటాది మేడమ్. బాగా తింటాది" అంది ఆ తల్లి.

మా అమ్మాయి సంతోషంగా నొక్కింది. ఇన్ని ఊళ్ళు తిరిగాక మొదటిసారి ఆ గడి నిండింది. పూర్తి మార్కులు అని నాకు తెర చూపించింది. నేను మాత్రం తెర వదిలేసి ఆ తల్లినే చూశాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ తల్లి గొప్పకు అనలేదు. గొంతు తగ్గించి, తలుపు వైపు చూసి, అత్త వినలేదని నమ్మకం కుదిరాక అంది. దాచాల్సిన మాటను ఒక తల్లి పరాయివాళ్ళ చేతిలో పెట్టిందంటే ఆ మాటను ఆమె మోయలేకపోతోందన్నమాట.

మా అమ్మాయి చేతిలోంచి ట్యాబు తీసి పక్కన పెట్టాను. "ఏమ్మా, మొన్న మీ అత్త ఏమీ తినదని చెప్పిందే" అన్నాను.

"ఆమె అట్లనే అంటాది మేడమ్, బిడ్డ బాగుండల్లని. నేనూ అట్లనే అంటాంటిని." బట్టలు మడతపెట్టడం ఆపింది. "అనకూడదని తెలుసు. ఎవురికన్నా చెప్పల్ల గదా. పెట్టిందంతా తింటాది. మల్లా అడగతాది. నేను తినే తట్టలో చెయ్యి పెడతాది. తినింది యాడికి పోతాండాదో తెలీదు మేడమ్. మొన్న మొన్న కొనిన గౌను, సూడండి, భుజం మీద నిలబడల్యా."

పాపను అప్పుడు సరిగ్గా చూశాను. గౌను ఒక పక్కకు జారి ఉంది. భుజం ఎముక కనిపిస్తోంది. నేను చూస్తుండగానే లేచింది, గోడ పట్టుకుంటూ బిందె దగ్గరికి వెళ్ళింది, చెంబు ముంచుకుని గటగటా తాగింది. మళ్ళీ ముంచుకుంది. లోపల్నుంచి జేజి అరిచింది, "నీళ్ళు తాగి తాగి పక్క తడపతాండాది, సెంబు ఆడ పెట్టే" అని. తల్లి నా వైపు చూసింది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందని, పాపను ఒంటికి కూర్చోబెట్టిన చోట చీమలు పడుతున్నాయని చెప్పింది. ఊళ్ళో సూది వేసే ఆయన నులిపురుగులని మందిచ్చాడట. జేజి దిష్టి తీసి తాయెత్తు కట్టించిందట. నిన్నటి నుంచి పాప పొట్ట నొప్పి అంటోందట, పొద్దున ఒకసారి కక్కిందట.

నేను డాక్టర్ని కాదు. కానీ ఇన్నేళ్ళు డాక్టర్ల వెంట తిరిగాను, ఆకలి, దాహం, చీమలు, చిక్కిపోవడం అన్నీ ఒకచోట చేరితే ఏమని అనుమానించాలో తెలుసు. పాప తిరిగొచ్చి తల్లి ఒళ్ళో వాలింది. ఊపిరి వేగంగా, లోతుగా తీస్తోంది. దగ్గరికి వంగితే నోటి నుంచి మాగిపోయిన పండు వాసన వచ్చింది. నాకు నిజంగా భయం వేసింది. 

పెద్దవాళ్ళకు షుగరు చూసే మిషను మా బ్యాగులో ఉంటుంది. అదే సర్వేలో పెద్దవాళ్ళకు బీపీ, షుగరు చూస్తాం. పిల్లలకు వాడే అనుమతి మాకు లేదు. మా అమ్మాయి ఆ మాట గుర్తుచేసింది, ఆమె తప్పేమీ లేదు, నేను నేర్పిందే. అనుమతులిచ్చే కమిటీలో ఉన్నవాళ్ళు మంచివాళ్ళే. కానీ వాళ్ళెవరూ ఆ ఆదివారం ఆ వాకిట్లో లేరు. నేనున్నాను. పాప వేలి నుంచి ఒక్క చుక్క రక్తం చూడనిస్తావా అని తల్లిని అడిగాను.

ఈలోపు జేజి సంగటి కర్రతోనే బయటికి వచ్చింది. "పసిబిడ్డకి సూదేందమ్మా? ఒంట్లో రక్తమే లేదు, అది కూడా తీస్తారా?" అని అడ్డం నిలబడింది.

తల్లి అత్త మొహం చూడలేదు. పాప చెయ్యి పట్టుకుని నా ముందుకు జాపింది. మిషను అంకె చూపించలేదు. ఇంగ్లీషు అక్షరాలు రెండు చూపించింది. తన కొలతకు అందనంత ఎక్కువ ఉందని దానర్థం. ఇంకోసారి చూశాను, అవే అక్షరాలు.

"కుప్పం పోదాం, ఇప్పుడే. బట్టలు కూడా తీసుకోవద్దు" అన్నాను. ఎందుకని అడగకుండా తల్లి లేచి మా జీపు ఎక్కింది. జేజి తిడుతూనే పొయ్యి ఆర్పి, ఆవుల్ని పక్కింటావిడకు అప్పజెప్పి, తానూ ఎక్కింది. దారి పొడవునా పాపను నిద్రపోనివ్వకుండా మాట్లాడిస్తూ వచ్చాం. పాపకు మాటల మీద ధ్యాస లేదు. నీళ్ళు, నీళ్ళు అంటూ ఉంది.

కుప్పం ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ పాప ఒంటి మీద చెయ్యి వేసి చూడగానే పని మొదలుపెట్టింది. నరానికి సెలైను, ఇన్సులిన్, గంటగంటకూ పరీక్షలు. సాయంత్రానికి బయటికి వచ్చి, రేపు తీసుకొచ్చి ఉంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు అని నాతో చెప్పింది. తల్లిని కూర్చోబెట్టి నిదానంగా వివరించింది. పాప ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. అది లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు, మూత్రంలో పోతుంది. అందుకే అంత ఆకలి, అంత దాహం. ఇది మందుతో పోయేది కాదు, బతికినన్నాళ్ళూ రోజూ సూది వేసుకోవాలి, వేసుకుంటే అందరు పిల్లల్లాగే పెరుగుతుంది, బడికి పోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

"సక్కెర జబ్బు ముసిలోళ్ళకి గదా వచ్చేది?" అంది జేజి. డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది. జేజి తలూపింది గానీ నమ్మలేదు. కోడలు మాతో ఏమందో జీపులో మా మాటల వల్ల ఆమెకు తెలిసిపోయింది. డాక్టరమ్మ లోపలికి వెళ్ళగానే కోడలి మీద పడింది. "పోయిన వారం నేను ఏమీ తినదని చెప్పి పంపిస్తిని. నువ్వు ముందర కూసోని బాగా తింటాది, బాగా తింటాది అంటివి. అన్న గంటలోనే ఈడికొచ్చె బిడ్డ. నీ నోరే తగిలింది."

ఆ తల్లి అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని నన్ను అడిగింది, "నేను అనకుండా ఉంటే బాగుండేదా మేడమ్?"

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. జేజి మీద కోపమూ ఉంది, అంతకంటే ఎక్కువగా ఆ తల్లి నిజంగానే ఆ మాట నమ్మబోతోందనే కోపం. "నువ్వు అనకుండా ఉండుంటే మేము కూడా అందరిలాగే అనుకుని ఇంకో ఇంటికి పోయేవాళ్ళం. ఈ పొద్దుకు నీ బిడ్డ ఉండేది కాదు. అర్థమవుతాందా? ఆ మాట తగల్లేదు, కాపాడింది" అన్నాను. గొంతు పెద్దదైంది, వరండాలో అందరూ చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. జేజి మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రమే డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను, మిషను సంగతితో సహా. ఆయన నియమం మాటే ఎత్తలేదు. పాప ఎలా ఉందని రెండుసార్లు అడిగారు. తర్వాత, "అయితే మేడమ్, ఆ ప్రశ్న పనిచేసినట్టేగా" అన్నారు, సగం నవ్వులాటగా.

"లేదు సార్. ప్రశ్న ఆ పాపకు పూర్తి మార్కులిచ్చింది. నేను ఆపకపోతే మీ లెక్కల్లో ఆ ఊరికల్లా బాగా తిన్న పిల్ల ఆమే" అన్నాను. ఆయన నవ్వడం ఆపి, ఇకమీదట బిడ్డ తిండి గురించి మీకు ఏమన్నా దిగులుందా అని కూడా అడుగుదామన్నారు. ఆ ఒక్క ప్రశ్న ఆయన వేసిన వాటన్నిటికంటే మంచిది.

పాప తేరుకుంది. కళ్ళలోకి వెలుగు వచ్చింది, నర్సు టోపీ కావాలని మారాం చేసింది. తండ్రి వచ్చి రెండు రోజులుండి, బండి వదిలేసి కూర్చుంటే కుదరదని వెళ్ళాడు. తల్లికి కంపెనీలో సెలవు అయిపోవచ్చింది. ఉద్యోగం వదిలేస్తానంది. వద్దన్నాను. ఇక జీవితాంతం మందు కొనాలి, జీతం ఇప్పుడే కావాలి. మరి పగలు పాపను చూసేది ఎవరు? జేజే. అక్కడే అందరికీ గుబులు మొదలైంది.

సంగతేమిటంటే, ఈ చిన్నపిల్లలకు తిన్నాక, ఎంత తిన్నారో చూసి సూది మందు వేస్తారు. బాగా తింటే ఎక్కువ, తక్కువ తింటే తక్కువ. తినకుండానే తిన్నదని చెప్పి మందు ఎక్కువ వేస్తే షుగరు పడిపోయి మూర్ఛ వస్తుంది. తిని కూడా తినలేదంటే మందు చాలక మళ్ళీ మొదటికి వస్తుంది. ఇన్నాళ్ళూ జేజి చెప్పిన మర్యాద మాటకు ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు అదే మాట పాప ప్రాణం తీయగలదు. వార్డులో నర్సు ప్రతి పూటా మంచం దగ్గరికి వచ్చి, పాప ఎంత తినిందని అడిగేది. ప్రతి పూటా జేజి, "ఏం తినిందమ్మా, రెండు మెతుకులు కతికింది" అనేది. ఖాళీ తట్ట ఆమె ముందే ఉండేది. పక్కనుంచి కోడలు సరిదిద్దేది.

జేజికి నేర్పే పని నేనే పెట్టుకున్నాను. మనుషుల చేత నిజం చెప్పించడమే నా వృత్తి, ఇక్కడ చేతకాకపోతే ఇంకెక్కడ? సూది పట్టుకోవడం ఆమెకు తొందరగానే వచ్చింది. దూడలకు మందు పట్టించిన చెయ్యి, వణకలేదు. తిండి మాట దగ్గర మాత్రం నోరు రాలేదు. గిన్నె చూపించమన్నాను, చూపించదు. వేళ్ళతో చెప్పమన్నాను, తినే ముద్దలు లెక్కపెట్టకూడదంటుంది. నేను కోప్పడ్డాను, బతిమాలాను. ఆమె నన్ను నిందించలేదు, నాకు ఎదురు చెప్పలేదు. తల దించుకుని, "నోరు తెరిస్తే మల్లా ఏమన్నా అయితాదేమో అని భయం తల్లీ" అంది. అప్పుడు నా కోపం పోయింది. ఆమె అన్ని రోజులూ దాచింది పాప కోసమే. కోడలు ఆ రోజు చెప్పిందీ పాప కోసమే.

తల్లి తిరిగి పనికి వెళ్ళిన రోజు నేను కుప్పం ఆస్పత్రికి వెళ్ళాను. జేజి, పాప ఇద్దరే ఉన్నారు. పాప ఇడ్లీలు తినేసి పళ్ళెం అంచున వేలితో చట్నీ నాకుతోంది. నర్సు మందు బుడ్డి, సూది పట్టుకుని వచ్చింది. "జేజీ, పాప ఏం తినింది?" అంది.

జేజి మాట్లాడలేదు. నేను చూశాను కాబట్టి నాకు తెలుసు, నోరు తెరవబోయి ఆగాను. రేపు ఆ ఇంట్లో నేనుండను, కోడలూ ఉండదు. నర్సు సూది పట్టుకుని నిలబడే ఉంది. జేజి వార్డు అంతా ఒకసారి చూసింది, పక్క మంచాల మీద వాళ్ళను, తలుపు దగ్గర నిలబడిన వాళ్ళను. పాపను ఒళ్ళోకి లాక్కుంది. తల మీది నుంచి కాళ్ళదాకా కొంగు కప్పేసింది. పాప లోపల్నుంచి నవ్వుతోంది. జేజి నర్సు చెవి దగ్గరికి వంగింది.

"మూడు ఇడ్లీలూ తినిందమ్మా, ఇంగొకటి అడిగింది" అంది. "బాగా తినింది నా బిడ్డ."

నర్సు సూదిలోకి మందు ఎక్కించింది.